కరెంటు పోయి వస్తే ప్రింటర్ అడ్రస్ ఎందుకు మారుతుంది?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు ఐపీ అడ్రస్‌ల, అంటే నెట్‌వర్క్‌లో ఒక్కో పరికరానికి ఉండే నంబర్ల గొడవే. దుకాణం, స్కూలు, హాస్టల్, ల్యాబ్, ఇల్లు అంటూ చోట్లు వేరే గానీ బాధ దాదాపు ఒకటే. అందుకే మిగతా ప్రశ్నలు వచ్చే సంచికకు పెట్టి, వీటినే ఒకచోట చేర్చాను. మీది చిన్న నెట్‌వర్క్ అయితే వేరేవాళ్ల ప్రశ్నకు ఇచ్చిన జవాబు కూడా చదవండి, పనికొస్తుంది.

ప్రశ్న: మాది కిరాణా హోల్‌సేల్. కౌంటర్లో రెండు సిస్టమ్‌లు, గోడౌన్‌లో ఒకటి, మూడింటికీ కలిపి ఒక నెట్‌వర్క్ ప్రింటర్. ట్యాలీలో బిల్లింగ్. కరెంటు పోయి వచ్చాక ప్రింటర్ ఆఫ్‌లైన్ అంటుంది. కంప్యూటర్ కుర్రాడు వచ్చి ప్రింటర్ తీసేసి మళ్లీ యాడ్ చేసి, డబ్బులు తీసుకుని వెళ్తాడు. వారం తిరక్కుండా మళ్లీ అదే టెన్షన్. ప్రింటర్ పాడైనట్టా? కొత్తది కొనాలా?
ఒక వ్యాపారి, తెనాలి

జవాబు: కొనకండి, మీ ప్రింటర్ బాగానే ఉంది. మారుతున్నది దాని అడ్రస్.

మీ రౌటర్లో డీహెచ్‌సీపీ అనే ఏర్పాటు ఉంటుంది. ఏ పరికరం ఆన్ అయినా 'నాకో అడ్రస్ కావాలి' అని అడుగుతుంది, రౌటర్ తన దగ్గరున్న ఖాళీ అడ్రస్‌ల్లోంచి ఒకటి తీసి కొంత గడువుకు ఇస్తుంది. ఆ గడువునే లీజు అంటారు. సగం గడువు అయ్యేసరికి పరికరమే మళ్లీ అడిగి పొడిగించుకుంటుంది, అందుకే ఏదీ ఆగకుండా నడుస్తున్నంతకాలం నెలల తరబడి అదే అడ్రస్ ఉండిపోతుంది, ఇది మారే వస్తువు అని మనకు అనుమానం కూడా రాదు. కరెంటు పోయినప్పుడు తేడా వస్తుంది. మామూలు ఇంటి రౌటర్లలో చాలావాటికి ఎవరికి ఏ అడ్రస్ ఇచ్చామన్న పట్టిక ఆఫ్ అవగానే పోతుంది. కరెంటు రాగానే అన్నీ ఒకేసారి లేచి అడుగుతాయి, మొన్నటిదాకా ప్రింటర్ వాడుకున్న 192.168.0.103 ఈసారి ఎవరిదో ఫోన్‌కు వెళ్లిపోతుంది. మీ మూడు సిస్టమ్‌లు మాత్రం పాపం ఇంకా 103కే బిల్లులు పంపుతూ ఉంటాయి, అక్కడ ప్రింటర్ లేదు కాబట్టి ఆఫ్‌లైన్ అంటాయి. ఆ కుర్రాడు చేస్తున్నది కొత్త అడ్రస్‌తో ప్రింటర్‌ను మళ్లీ యాడ్ చేయడమే. దాంతో ఆ పూటకు పని నడుస్తుంది, కారణం అలాగే ఉంటుంది.

చేయాల్సింది రౌటర్లో రిజర్వేషన్. ముందు ప్రింటర్ మెనూలోంచి నెట్‌వర్క్ కాన్ఫిగరేషన్ పేజీ ప్రింట్ తీయండి. అందులో మ్యాక్ అడ్రస్ (పరికరానికి తయారీలోనే పెట్టే గుర్తింపు నంబర్) అని, అంకెలూ అక్షరాలూ కలిసిన ఆరు జతలు కనిపిస్తాయి. కేబుల్‌కు ఒకటి, వైఫైకి ఒకటి అని రెండు ఉండొచ్చు. మీరు నిజంగా ఏది వాడుతున్నారో దాన్నే తీసుకోండి. ఇక్కడ పొరపడితే తర్వాత ఎంత చేసినా ఫలితం ఉండదు. బ్రౌజర్లో రౌటర్ అడ్రస్ కొట్టి దాని పేజీ తెరిచి, డీహెచ్‌సీపీ సర్వర్ అన్న చోట అడ్రస్ రిజర్వేషన్‌లోకి వెళ్లి, ఈ మ్యాక్‌కు 192.168.0.50 అని రాసి సేవ్ చేయండి. కంపెనీని బట్టి పేరు మారుతుంది: టీపీ-లింక్‌లో అడ్రస్ రిజర్వేషన్, మైక్రోటిక్‌లో మేక్ స్టాటిక్, ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో స్టాటిక్ లీజెస్. టీపీ-లింక్‌లో ఐపీ అండ్ మ్యాక్ బైండింగ్ అని ఇంకోటి కూడా ఉంటుంది. అది వేరే పనికి, అందులో రాసి రిజర్వేషన్ అయిపోయిందనుకోకండి.

సేవ్ చేయగానే ప్రింటర్ కొత్త అడ్రస్‌కు రాదు. దాని చేతిలో పాత లీజు ఇంకా ఉంది కదా, ప్రింటర్ ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి. మళ్లీ పేజీ ప్రింట్ తీసి 50 వచ్చిందని చూసుకున్నాకే సిస్టమ్‌ల దగ్గరకు వెళ్లండి. ఒక్కో సిస్టమ్‌లో ప్రింటర్ ప్రాపర్టీస్, పోర్ట్స్, కాన్ఫిగర్ పోర్ట్ తెరిచి అక్కడ 192.168.0.50 పెట్టండి. పోర్టు పేరు డబ్ల్యూఎస్‌డీ అని మొదలైతే దాన్ని వదిలేసి స్టాండర్డ్ టీసీపీ/ఐపీ పోర్ట్ ఒకటి కొత్తగా చేయండి, అదే నిలకడగా ఉంటుంది.

ట్యాలీ ఉన్న మెయిన్ సిస్టమ్‌కు కూడా ఇదే రకంగా ఒక అడ్రస్ రిజర్వ్ చేసేయండి. మిగతా సిస్టమ్‌లలోని ట్యాలీ లైసెన్సు కోసం మెయిన్ సిస్టమ్‌ను వెతుకుతుంది, మామూలుగా 9999 పోర్టులో. అక్కడ కంప్యూటర్ పేరు బదులు ఐపీ ఇచ్చి ఉంటే ప్రింటర్‌కు పట్టిన గతే దానికీ పడుతుంది.

ప్రశ్న: మా ప్రైవేటు స్కూల్లో కెమెరాలు, ఆఫీసు కంప్యూటర్లు, స్టాఫ్ వైఫై అన్నీ ఒకే రౌటర్ మీద ఉన్నాయి. టీచర్ల హాజరుకు రెండో వేలిముద్ర మిషన్ కొన్నాం. అప్పటినుంచి ఒకసారి మొదటి మిషన్ డేటా వస్తుంది, ఒకసారి రెండోది వస్తుంది, ఒక్కోసారి రెండూ రావు. ఆఫీసు కంప్యూటర్లో ఐపీ కాన్‌ఫ్లిక్ట్ అని కూడా వస్తోంది. కెమెరాలు పెట్టినవాళ్లను అడిగితే మిషన్ వాళ్లను అంటారు, మిషన్ వాళ్లను అడిగితే కెమెరా వాళ్లను అంటారు.
అడ్మినిస్ట్రేటర్, కరీంనగర్

జవాబు: మీ దగ్గర రెండు సమస్యలు కలిసిపోయాయి, విడదీసి చూద్దాం.

మొదటిది మిషన్లది. మన దగ్గర దొరికే వేలిముద్ర మిషన్లలో చాలా రకాలు, ముఖ్యంగా జెడ్‌కేటెకో తయారీవి, ఫ్యాక్టరీ నుంచే 192.168.1.201 అనే అడ్రస్‌తో వస్తాయి. మొదటి మిషన్ పెట్టినప్పుడు దాన్ని మార్చాల్సిన అవసరం ఎవరికీ రాలేదు, రెండోది కూడా అదే అడ్రస్‌తో వచ్చి పక్కన కూర్చుంది. ఇక సాఫ్ట్‌వేర్ 201ని పిలిస్తే ఎవరు ముందు పలికితే వాళ్ల డేటా వస్తుంది. నిజంగా ఇదేనా అని తేల్చుకోవడం తేలికే. ఆఫీసు కంప్యూటర్లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి 201కి పింగ్ కొట్టండి (ping 192.168.1.201), తర్వాత ఏఆర్‌పీ -ఏ (arp -a) అని కొడితే ఆ అడ్రస్ ఎదురుగా ఒక మ్యాక్ కనిపిస్తుంది, దాన్ని రాసుకోండి. ఇప్పుడు ఒక మిషన్ కేబుల్ పీకి, అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన కమాండ్ ప్రాంప్ట్‌లో ఏఆర్‌పీ -డీ * (arp -d *) అని కొట్టి పాత జాబితా తుడిచేసి, మళ్లీ పింగ్ కొట్టి చూడండి. జవాబు ఇంకా వస్తుంటే మ్యాక్ చూడండి. అది ఇందాక రాసుకున్నది కాకపోతే ఒకే అడ్రస్ మీద రెండు మిషన్లు ఉన్నాయన్నమాటే. అదే మ్యాక్ వస్తే మీరు పీకింది వేరే మిషన్ కేబుల్, దాన్ని మళ్లీ గుచ్చి, ఇంకో మిషన్ కేబుల్ పీకి ఇంకోసారి చూడండి.

రెండోది ఆఫీసు కంప్యూటర్ గొడవ. రౌటర్ పంచుకోవడానికి పెట్టుకున్న అడ్రస్‌ల వరుసను పూల్ అంటారు. మీ రౌటర్లో అది 2 నుంచి 254 దాకా ఉందేమో చూడండి, చాలాచోట్ల అలాగే ఉంటుంది. కెమెరాలు బిగించినవాళ్లు కెమెరాలోకి వెళ్లి 101, 102 అంటూ చేత్తో అడ్రస్‌లు పెట్టేసి వెళ్తారు. ఆ సంగతి రౌటర్‌కు తెలియదు, ఎవరూ చెప్పలేదు. కొన్ని రౌటర్లు అడ్రస్ ఇచ్చేముందు అక్కడ ఎవరైనా ఉన్నారేమో అని ఒకసారి పిలిచి చూస్తాయి గానీ, ఆ సమయానికి కెమెరా ఆఫ్‌లో ఉంటే పలికేవాళ్లే ఉండరు కాబట్టి అది ఖాళీ అనుకుని కంప్యూటర్‌కు ఇచ్చేస్తాయి. కాసేపటికి కెమెరా ఆన్ అవుతుంది, ఇద్దరూ కొట్టుకుంటారు.

కాబట్టి ఇందులో కెమెరా వాళ్ల తప్పా మిషన్ వాళ్ల తప్పా అన్న వాదన వదిలేయండి. అడ్రస్‌లు ఎవరు ఇవ్వాలి అన్నది మీ స్కూల్లో ఎవరూ నిర్ణయించలేదు, అసలు లోటు అదే. ఒక సాయంత్రం పిల్లలు వెళ్లాక కూర్చుని ఇలా పంచండి. రౌటర్ 1. నెట్‌వర్క్ స్విచ్‌లు (కేబుళ్లు కలిపే పెట్టెలు), వైఫై యాక్సెస్ పాయింట్‌లు, ఎన్‌వీఆర్ (కెమెరాల రికార్డింగ్ పెట్టె) 2 నుంచి 49 లోపల. ప్రింటర్లు, వేలిముద్ర మిషన్లు, ఆఫీసు సిస్టమ్‌లు, విడిగా ఉన్న కెమెరాలు 50 నుంచి 99. పూల్ 100 నుంచి 250 వరకు, ఫోన్‌లకూ వచ్చిపోయేవాళ్లకూ. కెమెరాలు నేరుగా ఎన్‌వీఆర్ వెనకున్న పోర్టులకే గుచ్చి ఉంటే వాటి జోలికి వెళ్లకండి, ఎన్‌వీఆర్ వాటికి లోపల తన సొంత వరుస నడుపుకుంటుంది.

వీటిలో చేత్తో పెట్టాల్సినవి మొదటి గుంపు మాత్రమే. ఎందుకంటే రౌటర్ మొరాయించిన రోజున కూడా మీరు స్విచ్‌లోకీ యాక్సెస్ పాయింట్‌లోకీ వెళ్లగలగాలి. 50 నుంచి 99 వరకు ఉన్నవన్నీ పరికరంలో డీహెచ్‌సీపీ మీద ఉంచేసి, అడ్రస్ మాత్రం రౌటర్లో రిజర్వ్ చేయండి. మీ వేలిముద్ర మిషన్ మోడల్‌లో డీహెచ్‌సీపీ లేకపోతే దానికీ మొదటి గుంపులోనే చేత్తో ఇవ్వండి. కొన్ని రౌటర్లు పూల్ బయట రిజర్వేషన్ ఒప్పుకోవు, సేవ్ చేస్తుంటే తప్పు చూపిస్తాయి. అప్పుడు పూల్‌ను 50 నుంచే మొదలుపెట్టి అందులోనే రిజర్వ్ చేయండి, రిజర్వ్ చేసినదాన్ని రౌటర్ వేరేవాళ్లకు ఇవ్వదు.

చేత్తో పెడితేనే గట్టిగా ఉంటుంది, రిజర్వేషన్ అంటే ఏదో సర్దుబాటు అని అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. అది నిజం కాదు. 1985లో వచ్చిన బూట్‌పీ అనే పాత పద్ధతిలో ఉన్నదే ఇది, ప్రతి మిషన్ మ్యాక్‌నూ సర్వర్లో రాసి పెట్టేవాళ్లు. 1993లో డీహెచ్‌సీపీ వచ్చి గడువుకు ఇచ్చే పద్ధతిని కలిపింది. రాల్ఫ్ డ్రోమ్స్ రాసిన 1997 నాటి ప్రమాణంలో కూడా అడ్రస్ ఇచ్చే మూడు పద్ధతుల్లో ఒకటిగా దీన్ని పేరు పెట్టి చెప్పారు.

ప్రశ్న: టిఫిన్ సెంటర్ పెట్టాం. వంటగదిలో ఆర్డర్ స్లిప్పుల కోసం ఎప్సన్ థర్మల్ ప్రింటర్, లాన్ కేబుల్ది, కొన్నాం. కేబుల్ గుచ్చితే లైట్ వెలుగుతోంది గానీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కు దొరకడం లేదు. వాపసు ఇచ్చేయాలా?
రాజమహేంద్రవరం

జవాబు: ప్రింటర్ ఆఫ్ చేసి, పేపర్ ఫీడ్ బటన్ నొక్కి పట్టుకుని ఆన్ చేయండి. ఒక స్లిప్పు వస్తుంది. ఎప్సన్ టీఎం రకాలు సాధారణంగా 192.168.192.168 అనే అడ్రస్‌తో వస్తాయి. మీ రౌటర్ వరుస 192.168.1 లేదా 192.168.0 అయి ఉంటుంది, ఆ మూడో అంకె కలవనంత కాలం రెండూ పక్కపక్కనే ఉన్నా మాట్లాడుకోలేవు.

ల్యాప్‌టాప్‌ను కేబుల్‌తో నేరుగా ప్రింటర్‌కు కలిపి, ల్యాప్‌టాప్‌కు తాత్కాలికంగా 192.168.192.100, సబ్‌నెట్ మాస్క్ (వరుస ఎంత పెద్దదో చెప్పే నంబర్) 255.255.255.0 పెట్టి, బ్రౌజర్లో 192.168.192.168 తెరవండి. లోపల ఐపీ సెట్టింగ్‌ను ఆటోకు మార్చి సేవ్ చేసి, ప్రింటర్‌ను మళ్లీ రౌటర్‌కు గుచ్చండి. ఇప్పుడు అది రౌటర్ జాబితాలో కనిపిస్తుంది, అక్కడినుంచే దానికి ఒక అడ్రస్ రిజర్వ్ చేసి, ఆ అడ్రస్‌నూ 9100 పోర్టునూ సాఫ్ట్‌వేర్లో ఇవ్వండి. పనయ్యాక ల్యాప్‌టాప్ అడ్రస్‌ను ఆటోమేటిక్‌కు మార్చడం మర్చిపోకండి. ఆఫీసులో చేత్తో అడ్రస్ పెట్టుకున్న ల్యాప్‌టాప్‌కు ఇంట్లో నెట్ రావడం లేదని రాసిన మరో ఇద్దరికీ ఇదే జవాబు: ఇంటి వరుస వేరు, ఆఫీసు వరుస వేరు, ల్యాప్‌టాప్‌ను ఆటోమేటిక్‌లో ఉంచి ఆఫీసు రౌటర్లో రిజర్వ్ చేయించుకోండి.

ప్రశ్న: బాబు ట్యాబ్‌కు రాత్రి పదింటి తర్వాత నెట్ రాకుండా రౌటర్లో రూలు పెట్టాను. ట్యాబ్‌కు ఒక ఐపీ రిజర్వ్ చేసి, ఆ ఐపీకి రూలు. మొదట పనిచేసింది, ఇప్పుడు ట్యాబ్ వేరే ఐపీతో వస్తోంది. మ్యాక్ అడ్రస్ ట్యాబ్ అట్ట పెట్టె మీదున్నదే సరిగ్గా కొట్టాను.
ఒక తల్లి, విశాఖపట్నం

జవాబు: అట్ట పెట్టె మీదున్న మ్యాక్ ఇప్పుడు సరిపోదండీ. ఆండ్రాయిడ్ 10 నుంచీ, ఐఫోన్ ఐప్యాడ్‌లలో 2020లో వచ్చిన 14వ వెర్షన్ నుంచీ, పరికరాలు తమ అసలు మ్యాక్‌ను దాచి ఒక్కో వైఫై పేరుకు ఒక్కో మ్యాక్ పుట్టించుకుంటున్నాయి. బజార్లో, మాల్లో మనిషి ఎక్కడ తిరుగుతున్నాడో ఎవరూ వెంబడించకుండా ఉండటానికి పెట్టిన మంచి ఏర్పాటే అది. రౌటర్ జాబితాలో ట్యాబ్ మ్యాక్ చూడండి. రెండో అక్షరం 2 గానీ 6 గానీ ఎ గానీ ఇ గానీ అయితే అది పుట్టించుకున్నదే.

మొదట పనిచేసి తర్వాత మానేసిందంటే నాకు ఇంకో అనుమానం ఉంది. మీ రౌటర్లో మామూలు వైఫై, 5జీ వైఫై అని రెండు పేర్లు ఉన్నాయేమో చూడండి. పేరు మారితే మ్యాక్ కూడా మారుతుంది. బాబు రెండో పేరుకు కనెక్ట్ అయితే రౌటర్ దృష్టిలో అది కొత్త పరికరం. రెండింటికీ ఒకే పేరు పెట్టండి. తర్వాత ట్యాబ్‌లో మీ ఇంటి వైఫై సెట్టింగ్స్ తెరిచి, ప్రైవసీ అన్న చోట డివైస్ మ్యాక్ వాడమని ఎంచుకోండి, ఐప్యాడ్ అయితే ప్రైవేట్ వైఫై అడ్రస్ ఆఫ్ చేయండి. ఇది మీ ఇంటి వైఫై ఒక్కదానికే వర్తిస్తుంది, బయట దాచుకోవడం దాచుకుంటూనే ఉంటుంది.

అయినా ఆ సెట్టింగ్ ఎక్కడుందో పిల్లలకు మనకంటే ముందే తెలుస్తుంది. నన్నడిగితే నిద్ర వేళ రూలు రౌటర్లో ఐపీకి కంటే ట్యాబ్‌లోనే గూగుల్ ఫ్యామిలీ లింక్‌తో, ఐప్యాడ్ అయితే స్క్రీన్ టైమ్‌తో పెట్టడం మేలు.

ప్రశ్న: అమీర్‌పేటలో హాస్టల్ నడుపుతున్నాను. అరవై మంది పిల్లలు. రాత్రి తొమ్మిది దాటాక కొంతమందికి వైఫై అసలు పట్టదు, ఫోన్‌లో ఐపీ అడ్రస్ తీసుకుంటోంది అని తిరుగుతూనే ఉంటుంది. ల్యాప్‌టాప్‌లలో 169.254తో మొదలయ్యే నంబర్ వస్తోందట. అదే సమయానికి మిగతావాళ్లకు బాగానే వస్తుంది. ప్లాన్ స్పీడు పెంచాలా?
హైదరాబాద్

జవాబు: స్పీడు పెంచినా ఇది పోదు. 169.254 అంటే ఆ ల్యాప్‌టాప్ అడ్రస్ అడిగి అడిగి, ఎవరూ ఇవ్వక తనే ఒకటి పెట్టుకుంది. మీ రౌటర్ దగ్గర ఇవ్వడానికి అడ్రస్‌లు అయిపోయాయి.

లెక్క చూడండి. చాలా టీపీ-లింక్ రౌటర్లలో పూల్ 100 నుంచి 199 వరకు, అంటే వంద అడ్రస్‌లు. అరవై మందికి ఫోన్, ల్యాప్‌టాప్ కలిపితేనే నూట ఇరవై. దానికి తోడు లీజు గడువు 24 గంటలు ఉంటే, పొద్దున వచ్చి పోయిన స్నేహితుడి ఫోన్ కూడా రేపటిదాకా ఒక అడ్రస్ పట్టుకునే ఉంటుంది, లాడ్జిలో గది ఖాళీ చేసినవాడు తాళం జేబులో వేసుకుని వెళ్లినట్టు.

లీజు గడువు రెండు గంటలకు తగ్గించండి. మీ కెమెరాలు, ప్రింటర్ కింది నంబర్లలో ఉన్నాయో లేదో చూసుకుని పూల్‌ను 20 నుంచి 250 వరకు పెంచండి. మామూలుగా అక్కడితో సర్దుకుంటుంది. ముందుముందు ఇంకో అంతస్తు వేస్తే సబ్‌నెట్ మాస్క్ 255.255.254.0 చేసి 510 అడ్రస్‌ల దాకా వెళ్లొచ్చు. ఆ రోజు చేత్తో అడ్రస్ పెట్టిన ప్రతి కెమెరా దగ్గరకూ వెళ్లి మాస్క్ మార్చుకోవాలి. రిజర్వేషన్‌లో ఉన్నవాటికి మాస్క్, గేట్‌వే, డీఎన్ఎస్ లాంటి సెట్టింగ్‌లన్నీ రౌటరే పంపుతుంది, మీరు నిచ్చెన ఎక్కాల్సిన పని ఉండదు. మీ రౌటర్ ఇంటి కోసం చేసినదైతే అంతమందిని వైఫై మీద మోయడం కూడా దానికి కష్టమే, అంతస్తుకో యాక్సెస్ పాయింట్ పెట్టించండి.

ప్రశ్న: పై అంతస్తులో సిగ్నల్ కోసం పాత రౌటర్ ఒకటి కేబుల్‌తో కలిపాను. అప్పటినుంచి కింద ప్రింటర్ ఒకసారి దొరుకుతుంది, ఒకసారి దొరకదు. రిజర్వేషన్ కూడా చేశాను.
నెల్లూరు

జవాబు: ఇప్పుడు మీ ఇంట్లో అడ్రస్‌లు ఇచ్చేవాళ్లు ఇద్దరున్నారు. అడిగినవాళ్లకు ఇద్దరూ ఇస్తామంటారు, ఎవరి మాట ముందు చేరితే వాళ్లది నడుస్తుంది. మీ రిజర్వేషన్ కింది రౌటర్లోనే ఉంది, పైదానికి ఆ సంగతి తెలియదు. కంప్యూటర్లో ఐపీకాన్ఫిగ్ /ఆల్ (ipconfig /all) అని కొట్టి డీహెచ్‌సీపీ సర్వర్ అన్న వరుస చూడండి. అక్కడ కింది రౌటర్ అడ్రస్ కాకుండా వేరేది వస్తే ఇదే కారణం. పాత రౌటర్లో యాక్సెస్ పాయింట్ మోడ్ ఉంటే దాన్ని ఎంచుకోండి. లేకపోతే దాని అడ్రస్‌ను 192.168.1.2కు మార్చి, అందులో డీహెచ్‌సీపీ ఆఫ్ చేసి, కేబుల్‌ను వాన్ పోర్టులో (బయటినుంచి నెట్ వచ్చే కేబుల్ పెట్టేది) కాకుండా లాన్ పోర్టులో (ఇంట్లో పరికరాలు కలిపేది) గుచ్చండి.

ప్రశ్న: నేను డాలస్‌లో ఉంటాను, అమ్మానాన్న గుంటూరులో. ఇంటి కెమెరాలు ఇక్కడినుంచి చూడాలని ఎన్‌వీఆర్‌కు స్టాటిక్ ఐపీ (మారని అడ్రస్) పెట్టించి రౌటర్లో పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటినుంచి వచ్చే పిలుపును ఎన్‌వీఆర్‌కు పంపే ఏర్పాటు) కూడా చేయించాను. ఇంట్లో కనిపిస్తున్నాయి, ఇక్కడ కనిపించవు. కంపెనీవాళ్లు స్టాటిక్ ఐపీకి ఏడాదికి డబ్బు కట్టమంటున్నారు. ఒకటి ఉండగా ఇంకొకటి ఎందుకు?

జవాబు: రెండూ వేరు. మీరు ఎన్‌వీఆర్‌కు పెట్టించింది ఇంటి లోపలి అడ్రస్. 192.168తో మొదలయ్యేవి, 10తో మొదలయ్యేవి, 172.16 నుంచి 172.31 దాకా ఉన్నవి 1996 నుంచీ ఇలా లోపలి వాడకానికే ఉన్నాయి, గుంటూరులో మీ ఇంట్లో ఉన్న 192.168.1.10 పక్కింట్లో కూడా ఉండొచ్చు. కంపెనీ అమ్ముతానంటున్నది బయటి ప్రపంచానికి కనిపించే అడ్రస్. నాన్నగారిని రౌటర్ స్టేటస్ పేజీలో వాన్ ఐపీ చదవమనండి. అది 100.64 నుంచి 100.127 మధ్య గానీ, 10తో గానీ మొదలైతే మీ కంపెనీ ఒకే బయటి అడ్రస్‌ను చాలా ఇళ్లకు కలిపి వాడుతోంది. అప్పుడు మీ రౌటర్లో ఎన్ని పోర్టులు తెరిచినా బయటినుంచి వచ్చే పిలుపు మీ ఇంటిదాకా రాదు.

అయినా ఆ డబ్బు కట్టే ముందు ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఎన్‌వీఆర్‌ను పోర్ట్ ఫార్వర్డింగ్‌తో ఇంటర్నెట్ మీద పెట్టకండి. 2016లో మిరాయ్ అనే వైరస్ ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చని కెమెరాలు, డీవీఆర్‌లలోకే ప్రపంచమంతటా దూరింది, ఆ ఏడాది అక్టోబరులో వాటినే వాడి అమెరికాలో పెద్ద పెద్ద సైట్‌లు అందకుండా చేశారు. పెద్దవాళ్లు ఇద్దరే ఉండే ఇంటి కెమెరాలు బయటివాళ్ల చేతిలో పడకూడదు. ఎన్‌వీఆర్ కంపెనీ ఇచ్చే యాప్ వాడండి, మంచి పాస్‌వర్డ్ పెట్టి. లేదంటే ఇంట్లో చిన్న పరికరం ఒకటి పెట్టి టెయిల్‌స్కేల్ లాంటి వీపీఎన్ (బయటినుంచి ఇంటి నెట్‌వర్క్‌లోకి భద్రంగా చేరే దారి) నడపండి, దానికి బయటి అడ్రస్ కొనక్కర్లేదు. లోపల ఎన్‌వీఆర్‌కు మీరు పెట్టించిన అడ్రస్ అలాగే ఉండనివ్వండి, అది పూల్ బయట ఉందో లేదో మాత్రం చూడమనండి.

ప్రశ్న: రాస్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌కు స్టాటిక్ ఐపీ పెట్టడానికి డీహెచ్‌సీపీసీడీ ఫైల్లో రాయమని అన్నిచోట్లా ఉంది. రాశాను, ఏమీ మారడం లేదు.
ఇంజినీరింగ్ విద్యార్థి, కాకినాడ

జవాబు: 2023 అక్టోబరులో వచ్చిన బుక్‌వార్మ్ వెర్షన్ నుంచి రాస్‌బెర్రీ పై ఓఎస్ నెట్‌వర్క్ మేనేజర్‌కు మారింది, ఆ ఫైల్‌ను ఇప్పుడు ఎవరూ చదవరు. ఎన్ఎంటీయూఐ (nmtui) అని కొడితే మెనూ వస్తుంది, అక్కడ మార్చొచ్చు. ప్రాజెక్టు కోసమైతే రాస్‌బెర్రీ పైని డీహెచ్‌సీపీలోనే ఉంచి రౌటర్లో రిజర్వ్ చెయ్యి, మెమరీ కార్డు చెడిపోయి కొత్తది ఎక్కించినా అదే అడ్రస్ వస్తుంది. హాస్టల్ రౌటర్ నీ చేతిలో లేకపోతే మాత్రం ఎన్ఎంటీయూఐ దారే, కానీ పూల్ ఎక్కడినుంచి ఎక్కడిదాకా ఉందో వార్డెన్‌ను అడిగి తెలుసుకున్నాకే నంబర్ పెట్టు.

ప్రశ్న: మాది డయాగ్నొస్టిక్ సెంటర్. ఇంటర్నెట్ కంపెనీ మార్చాం, వాళ్లు కొత్త రౌటర్ పెట్టి వెళ్లారు. నెట్ వస్తోంది. కానీ బ్లడ్ టెస్ట్ మిషన్ల రిపోర్టులు ల్యాబ్ సాఫ్ట్‌వేర్‌లోకి రావడం లేదు, ప్రింటర్ లేదు, కెమెరాలు లేవు. చేత్తో రిపోర్టులు ఎక్కిస్తున్నాం. మిషన్ల ఇంజినీర్ రావడానికి టైమ్ పడుతుందట.
వరంగల్

జవాబు: ఇంజినీర్ కోసం ఆగక్కర్లేదు. మీ పాత రౌటర్ వరుస ఏమిటో ముందు కనుక్కోండి. ఏ మిషన్ మెనూలోనైనా నెట్‌వర్క్ సెట్టింగ్స్ చూస్తే గేట్‌వే అని ఉంటుంది, అదే పాత రౌటర్ అడ్రస్. అది 192.168.0.1 అనుకుందాం. కొత్త రౌటర్ బహుశా 192.168.1.1 మీద నడుస్తోంది. అంటే పాత అడ్రస్‌లు పట్టుకున్నవన్నీ ఒక వైపు, సాఫ్ట్‌వేర్ ఉన్న కంప్యూటర్ కొత్త వరుసలో ఇంకో వైపు ఉండిపోయాయి.

మిషన్‌లు ఒక్కోటి మార్చుకుంటూ పోకండి. కొత్త రౌటర్ లాన్ సెట్టింగ్స్‌లో దాని అడ్రస్‌ను 192.168.0.1కు మార్చండి, డీహెచ్‌సీపీ పూల్ కూడా 192.168.0 వరుసకు మారిందో లేదో చూడండి, తర్వాత కంప్యూటర్లు రీస్టార్ట్ చేయండి. చేత్తో అడ్రస్ పెట్టినవన్నీ వెంటనే లేస్తాయి. రిజర్వేషన్‌తో నడిచినవి లేవవు, ఎందుకంటే ఆ పట్టిక పాత రౌటర్‌తోపాటే వెళ్లిపోయింది. రిజర్వేషన్‌లో ఉన్న ఇబ్బంది ఇది. పాత రౌటర్ ఇంకా మీ దగ్గరే ఉంటే నెట్ లేకుండా ఊరికే కరెంటు ఇచ్చి, ల్యాప్‌టాప్ కలిపి, రిజర్వేషన్ పేజీని ఫోటో తీసుకోండి. బ్యాకప్ ఫైల్ మామూలుగా అదే మోడల్‌కు తప్ప ఎక్కదు, ఫోటో చూసి కొత్తదాంట్లో చేత్తో కొట్టుకోవడమే.

సాఫ్ట్‌వేర్ ఉన్న కంప్యూటర్‌కు పాత అడ్రసే తిరిగి రావాలి, మిషన్లు రిపోర్టులు పంపేది దానికే. మిషన్ సెట్టింగ్స్‌లో హోస్ట్ లేదా సర్వర్ ఐపీ అని ఆ నంబర్ రాసి ఉంటుంది, చూసి అదే రిజర్వ్ చేయండి.

కంపెనీ ఇచ్చిన రౌటర్లో లాన్ అడ్రస్ మార్చనివ్వకపోతే సొంతంగా ఒక రౌటర్ కొని దాని వెనక పెట్టండి. వాళ్ల రౌటర్ నుంచి వచ్చే కేబుల్ మీ రౌటర్ వాన్ పోర్టులోకి, మీ మిషన్లన్నీ మీ రౌటర్ లాన్ పోర్టుల్లోకి. రిపోర్టుల మీద ఆధారపడిన చోట నేనైతే ఎలాగూ ఇదే చేయమంటాను, తర్వాత ఎన్ని కంపెనీలు మారినా లోపలి అడ్రస్‌లను ఎవరూ కదిలించలేరు.

ఇప్పుడు ఒక నోటుపుస్తకం తీసి పరికరం పేరు, ఏ గదిలో ఉంది, మ్యాక్, ఐపీ, చేత్తో పెట్టిందా రిజర్వేషనా, మార్చిన తేదీ అని గీతలు కొట్టి రాసి పెట్టండి. మొదటి పేజీలో రౌటర్ లాన్ అడ్రస్, పూల్ ఎక్కడినుంచి ఎక్కడిదాకా, రౌటర్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుంది. కెమెరా వాళ్లు, మిషన్ వాళ్లు, ఇంటర్నెట్ వాళ్లు ఎవరొచ్చినా ఏ నంబర్ పెట్టాలో ఈ పుస్తకం చూసి మీవాళ్లే చెప్పాలి, పని అయ్యాక వాళ్ల ఎదురుగానే అందులో రాయించాలి.